కోత తర్వాత మామిడికి ఏ శుద్ధి, ఎంత చల్లదనం: ఉత్తర తెలంగాణ రైతులు, వ్యాపారుల కోసం ఒక పోలిక

జగిత్యాల, కరీంనగర్, మంచిర్యాల, మహబూబాబాద్, వరంగల్ ప్రాంతాల్లో మామిడి దాదాపు ఒకేసారి కోతకు వస్తుంది. ఏప్రిల్ చివరి నుంచి మే నెలంతా జగిత్యాల దగ్గరి చల్‌గల్ మామిడి మార్కెట్‌కు బండ్లు వరుస కడతాయి. సరుకు రాక పెరిగిన కొద్దీ ధర జారుతుంది. అప్పుడు ప్రతి రైతుకూ, తోటను గుత్తకు తీసుకున్న ప్రతి వ్యాపారికీ వచ్చే ఆలోచన ఒకటే: కాయను రెండు మూడు వారాలు ఆపగలిగితే బాగుండును కదా అని. ఆపవచ్చు. అయితే శీతల గది కాయలో ఉన్న నాణ్యతను కొంతకాలం నిలపగలదే తప్ప, లేని నాణ్యతను తెచ్చి పెట్టలేదు. లోపలికి వెళ్లే ముందు కాయకు ఏం చేశామన్నదే బయటికి వచ్చే పండు ఎలా ఉంటుందో తేల్చుతుంది. అందుకే వేడినీటి శుద్ధి, మైనపు పూత, కాల్షియం, 1-ఎంసీపీ (మాగడాన్ని ఆపే వాయువు) వంటి పద్ధతుల్లో ఏది ఎవరికి పనికొస్తుందో, ఏది డబ్బు దండగో ఇక్కడ పోల్చి చెబుతున్నాను. ఎక్కువగా బంగినపల్లిని, అంటే మన బేనిషాన్‌ను దృష్టిలో పెట్టుకున్నాను. దశేరి, హిమాయత్‌లకూ పద్ధతులు ఇవే, కానీ అవి త్వరగా మెత్తబడే రకాలు కనుక నిల్వ రోజులను తక్కువగానే లెక్కించుకోవాలి.

ముందుగా చల్లదనం గురించి చెప్పాలి, ఎందుకంటే మన ప్రాంతంలో ఎక్కువ సరుకు చెడేది ఇక్కడే. పక్వానికి వచ్చిన పచ్చి మామిడికి 13 డిగ్రీల సెల్సియస్, 85 నుంచి 95 శాతం గాలి తేమ సరిపోతాయి. ఈ స్థితిలో మంచి కాయ రెండు నుంచి మూడు వారాలు నిలుస్తుంది. ఇంకా చల్లగా పెడితే ఇంకా ఎక్కువ రోజులు ఉంటుందనుకోవడం ఆపిల్‌కు చెల్లుతుంది, మామిడికి చెల్లదు. మామిడి ఉష్ణమండలపు పండు. 10 డిగ్రీల లోపు కొన్ని రోజులు ఉంచితే తొక్క కింది కణాలు దెబ్బతింటాయి. గదిలో ఉన్నంతకాలం కాయ నిగనిగలాడుతూనే కనిపిస్తుంది. బయటికి తీసి మాగబెట్టిన రెండో రోజో మూడో రోజో తొక్క బూడిద రంగుకు తిరుగుతుంది, సన్నని రంధ్రాల చుట్టూ నల్లని చుక్కలు లేస్తాయి, అక్కడక్కడ గుంటలు పడతాయి. ఒక చెంప పసుపెక్కితే మరో చెంప ఆకుపచ్చగానే ఉండిపోతుంది. కోసి చూస్తే వాసన ఉండదు, పులుపు విరగదు. అప్పటికే సరుకు చేతులు మారి ఉంటుంది కనుక, తప్పు ఎక్కడ జరిగిందో ఎవరికీ తెలియకుండా పోతుంది.

వరంగల్ చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలకు కొదవ లేదు, కానీ వాటిలో అత్యధికం మిర్చి కోసం కట్టినవి. ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే ఎండుమిర్చికి కావలసినవి మామిడికి కావలసిన వాటికంటే తక్కువ వేడి, పొడి గాలి. గాలిలో తేమ 70 శాతం దాటితే మిర్చికి బూజు పడుతుందన్న భయం ఉంటుంది. అదే పొడి గాలిలో మామిడి బరువు కోల్పోయి ముడతలు పడుతుంది, ఆ చలికి తొక్క దెబ్బతింటుంది, పైగా మిర్చి ఘాటు పండుకు పడుతుంది. కాబట్టి ఖాళీ ఉంది కదా, అద్దె తక్కువ కదా అని మిర్చి ఛాంబరులో మామిడి పెట్టడం ఏ శుద్ధీ సరిదిద్దలేని పని. యజమానిని మూడు విషయాలు అడగండి: నా సరుకు కోసం గదిని 13 డిగ్రీలకు నిలపగలరా, తేమను పెంచే ఏర్పాటు ఉందా, అదే గదిలో ఇంకేం ఉంటాయి. మూడో ప్రశ్నను తేలిగ్గా తీసుకోవద్దు. పండిన పండ్లు విడుదల చేసే ఎథిలీన్ వాయువు కొద్దిపాటిగా ఉన్నా పక్కనున్న పచ్చికాయను మాగేలా చేస్తుంది. మూడింటికీ సరైన జవాబు రాకపోతే కాయను ఆ రోజు ధరకే అమ్ముకోవడం మేలని నా అభిప్రాయం.

సొంతంగా ఏమీ లేని చిన్న రైతుకు ఇంకో దారి ఉంది. భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ రూపొందించిన, కరెంటు అవసరం లేని ఇటుకల శీతల తొట్టి అది. రెండు ఇటుక గోడల మధ్య సుమారు 7.5 సెంటీమీటర్ల సందులో ఇసుక నింపి రోజూ తడుపుతారు, పైన తడి గోనెతో కప్పుతారు. నీరు ఆవిరయ్యేటప్పుడు లోపలి వేడి తగ్గుతుంది. గాలి ఎంత పొడిగా ఉంటే ఇది అంత బాగా పనిచేస్తుంది కనుక మన మే నెల ఎండలు దీనికి అనుకూలమే. 13 డిగ్రీలు ఇది ఇవ్వలేదు, వారాల నిల్వకు ఇది సాధనం కాదు. కానీ కోసిన కాయను బండి వచ్చేదాకా రెండు మూడు రోజులు చెట్టు కింద కుప్పపోసే బదులు ఇందులో ఉంచితే బరువూ నిగారింపూ నిలుస్తాయి.

ఇక శుద్ధుల దగ్గరికి వెళ్లే ముందు కోత సంగతి కొంత చెప్పక తప్పదు. ముదరని కాయ చలికి త్వరగా దెబ్బతింటుంది, వేడినీటికి త్వరగా ఉడుకుతుంది, మాగినా తీపి రాదు. భుజాలు నిండి తొడిమ దగ్గర చిన్న పల్లం పడటం, కోస్తే టెంక చుట్టూ గుజ్జు లేత పసుపుకు తిరగడం, నీళ్లలో వేస్తే మునగడం పక్వానికి గుర్తులు. తేలే కాయలను నిల్వకు పంపవద్దు. చిక్కం కట్టిన కర్రతో, సుమారు ఒక సెంటీమీటరు తొడిమ ఉండేలా, తెల్లవారుజామున తెంపాలి. తర్వాత నీడలో తొడిమను కత్తిరించి, కాయను తలకిందులుగా పెట్టి సొన కారిపోనివ్వాలి. తొడిమ తెగిన క్షణంలో చిమ్మే సొన తొక్కకు తగిలితే, అది ఆరిన దారి వెంట కొన్ని గంటల్లో గోధుమ రంగు చార పడుతుంది, చల్లని గదిలో అది నల్లబడుతుంది. 100 లీటర్ల నీటికి అర కిలో సున్నం కలిపిన తేటతో కడిగితే ఈ మచ్చ చాలావరకు తప్పుతుంది. ఈ పని సరిగా చేయని వారు ఏ ఖరీదైన పూత వేసినా చారల మీద మెరుపు వేసినట్టే అవుతుంది.

కుళ్లును ఆపడానికి వాడుకలో ఉన్నవి మూడు: క్లోరిన్ నీరు, శిలీంధ్రనాశని మందు నీరు, వేడినీరు. మామిడిని నిల్వలో ఎక్కువగా పాడుచేసేది ఆంత్రాక్నోస్ మచ్చ తెగులు. దీని శిలీంధ్రం పూత, పిందె దశలోనే తొక్కలోకి చేరి, కాయ పచ్చిగా ఉన్నంతకాలం నిద్రాణంగా ఉండి, పండు మాగుతున్నప్పుడు లేస్తుంది. పోలికకు కీలకం ఇదే. 100 నుంచి 150 పీపీఎం (పది లక్షల భాగాల్లో అన్ని భాగాలు) క్లోరిన్ నీరు కాయ పైనున్న మట్టినీ, సూక్ష్మజీవులనూ, కడిగే నీటినీ శుభ్రపరుస్తుందే కానీ తొక్క లోపలి శిలీంధ్రాన్ని తాకలేదు. అయినా అది అవసరమే, ఎందుకంటే ఒక కుళ్లిన కాయ పడ్డ తొట్టి నీరు మిగతా కాయలన్నిటికీ తెగులు అంటిస్తుంది. 5 శాతం గాఢత ఉన్న హైపోక్లోరైట్ ద్రావణమైతే 100 లీటర్లకు 200 మిల్లీలీటర్లు కలిపితే 100 పీపీఎం వస్తుంది. సున్నపు నీళ్లలోనే క్లోరిన్ కలిపే అలవాటు కొన్నిచోట్ల ఉంది. సున్నం వల్ల నీటి క్షారగుణం పెరిగి క్లోరిన్ పని దాదాపు ఆగిపోతుంది కనుక రెండు తొట్లూ వేరుగా ఉండాలి. నీళ్లు మురికిపడగానే మార్చాలి, మురికి కూడా క్లోరిన్‌ను తినేస్తుంది.

తోటలో పిచికారీ చేసే శిలీంధ్రనాశని మందును కోసిన కాయల తొట్టిలో కలపడాన్ని నేను సమర్థించను. లేబుల్ మీద కోత తర్వాత వాడకానికి అనుమతి లేని మందును అలా వాడకూడదు. తినేవారికి, కాయకు మధ్య ఇక ఎండా వానా రోజులూ ఉండవు, మందు అవశేషం నేరుగా పళ్లెంలోకి వెళ్తుంది. ఆ పనిని వేడినీరు మందు లేకుండానే చేస్తున్నప్పుడు దాని అవసరమే లేదు.

వేడినీటి శుద్ధి అంటే కాయను 52 డిగ్రీల నీటిలో 5 నుంచి 10 నిమిషాలు ముంచి ఉంచడం. తొక్క కింద నిద్రపోతున్న శిలీంధ్రం చనిపోయేంత వేడి లోపలికి వెళ్తుంది, గుజ్జు ఉడికేంత వెళ్లదు. ఖర్చు నీటికీ ఇంధనానికీ అయ్యేదే. రసాయన అవశేషం లేదు. ఆంత్రాక్నోస్ మీద దీని ఫలితం స్పష్టంగా ఉంటుంది, తొడిమ కుళ్లు మీద మాత్రం కొంతవరకే. చల్లని గది అద్దె కట్టడానికి సిద్ధపడిన ఎవరైనా మొదటి రూపాయి ఖర్చు పెట్టాల్సింది దీని మీదే అని గట్టిగా చెబుతాను.

దీని కష్టమంతా కచ్చితత్వంలో ఉంది. రెండు మూడు డిగ్రీలు తగ్గితే తెగులు చావదు, పెరిగితే తొక్క మీద గోధుమ రంగు మాడు మచ్చలు పడతాయి, గుజ్జులో పిండిగా, గట్టిగా మిగిలే భాగాలు ఏర్పడతాయి. చల్లని కాయలు వేయగానే నీటి వేడి పడిపోతుంది కనుక కాయల కంటే నీరు ఎన్నో రెట్లు ఎక్కువగా ఉండాలి, నీరు కదులుతూ ఉండాలి, తొట్టి రెండు చివర్లా థర్మామీటరు పెట్టి చూడాలి. చేతితో చూసి సరిపోయిందనుకునే పని ఇది కాదు. సొన ఆరాక, తెంపిన రోజే ముంచడం మంచిది. బయటికి తీశాక కాయను శుభ్రమైన చల్లని నీటిలోనో, గాలి తగిలే నీడలోనో చల్లార్చి, తడి పూర్తిగా ఆరాకే క్రేట్లలో పెట్టాలి. వేడిగా ఉన్న కాయను అట్టపెట్టెలో మూసి గదికి పంపితే మధ్య కాయలు రోజంతా చల్లబడవు, చేసిన శుద్ధి ఫలితం అక్కడే పోతుంది. ఒక ఊరి నుంచి పది మంది రైతులు కలిసి ఒక తొట్టి పెట్టుకోగలిగితే, ఒక్కొక్కరు విడిగా పూతలు కొనుక్కోవడం కంటే అందరికీ లాభం. రైతు ఉత్పత్తిదారుల సంఘాలు మొదలుపెట్టదగిన పనుల్లో దీనికి నేను ముందు స్థానం ఇస్తాను. 2020లో మొదలైన కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ మౌలిక సదుపాయాల నిధి కింద ఇలాంటి కోత తర్వాతి ఏర్పాట్లకు 2 కోట్ల రూపాయల వరకు రుణంపై 3 శాతం వడ్డీ రాయితీ ప్రకటించారు.

కుళ్లు సంగతి అలా ఉంచి, కాయ మెత్తబడటాన్నీ ముడతలు పడటాన్నీ నెమ్మది చేసే పద్ధతులకు వద్దాం. వీటిలో మైనపు పూత పాతది, సులువైనది. కార్నౌబా మైనం, తేనెమైనం, లక్క పూతలను తాజా పండ్లపై వాడటానికి భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ అనుమతి ఉంది, అయితే మైనపు పూత వేసినట్టు లేబుల్‌పై తెలపాలి. పూత రెండు పనులు చేస్తుంది: నీరు ఆవిరి కాకుండా ఆపుతుంది, కాయ శ్వాసను నెమ్మదింపజేస్తుంది. బరువుకు అమ్మే సరుకు కనుక మొదటి లాభం నేరుగా తూకంలో కనిపిస్తుంది. సుమారు 5 శాతం బరువు తగ్గేసరికి కాయ వాడినట్టు కంటికి తెలుస్తుంది. కానీ పూత మందంగా పడితే కాయకు ఊపిరాడదు. గుజ్జు పులిసిన కల్లు వాసన వేస్తుంది, తొక్క ఆకుపచ్చగానే మిగిలిపోతుంది. తేమ బాగా ఉన్న గదిలో రెండు వారాల లోపు నిల్వకు పూత అవసరం అంతగా లేదు. గదిలో తేమ తక్కువగా ఉన్నప్పుడు, దూరపు ప్రయాణం ఉన్నప్పుడు పలచని పూత అక్కరకొస్తుంది. పూతను ఎప్పుడూ వేడినీటి శుద్ధి తర్వాతే వేయాలి. ముందు వేస్తే పూత కరిగిపోవడమే కాక, తెగులును లోపల మూసిపెట్టినట్టవుతుంది. రొయ్య పెంకుల నుంచి తీసే కైటోసాన్ పూతకు శిలీంధ్రాన్ని అణచే గుణం కూడా ఉంది, కలబంద గుజ్జు పూతలపైనా పరిశోధనలు జరిగాయి. అవి మన రైతుకు దొరికే ధర, రూపం చూశాకే ఆలోచించాలి.

కాల్షియం క్లోరైడ్ ద్రావణంలో ముంచడం వెనుక తర్కం బాగుంది. కణాల గోడల్లోని పెక్టిన్ అనే జిగురు పదార్థంతో కాల్షియం కలిసి గోడను బిగుతుగా ఉంచుతుంది, కాయ నెమ్మదిగా మెత్తబడుతుంది. ఆహారానికి పనికొచ్చే రకం, 2 శాతం చుట్టూ ద్రావణం వాడితే చాలు, గాఢత మరీ పెరిగితే తొక్క మచ్చలు పడుతుంది. మామిడి తొక్క మందం కనుక ఊరికే ముంచితే లోపలికి వెళ్లేది కొంతే. ఖర్చు తక్కువ, లాభం కూడా ఓ మోస్తరే. వేడినీటి తొట్టి ఉన్నవారు చల్లార్చే నీటిలో దీన్ని కలుపుకోవచ్చు; దీని కోసమే ప్రత్యేకంగా ఏర్పాటు చేసుకోవలసినంత ఫలితం ఉండదు.

1-ఎంసీపీ పూర్తిగా వేరే రకం. ఇది వాయువు. కాయలో ఎథిలీన్ అతుక్కునే చోటును ఇదే ఆక్రమించి, మాగమన్న సంకేతం కాయకు అందకుండా చేస్తుంది. ఆపిల్ వ్యాపారంలో ప్రపంచమంతటా దీన్ని వాడుతున్నారు. గాలి చొరబడని గదిలో, 1 పీపీఎంకు అటూ ఇటూ ఉండే మోతాదుతో, 12 నుంచి 24 గంటలు ఉంచాలి. మామిడిలో ఇది మెత్తదనాన్ని ఆపుతుంది, కానీ తెగులును ఆపదు. మాగడం ఆలస్యమైన కొద్దీ శిలీంధ్రానికి సమయం దొరుకుతుంది. ఇంకో చిక్కు: ఇది ఇచ్చిన కాయను తర్వాత ఎథిలీన్‌తో మాగబెట్టబోతే ఒక్కో కాయ ఒక్కోలా మాగుతుంది. అమ్మేవాడికి ఒకే రంగు పండ్ల పెట్టె కావాలి కనుక ఇది చిన్న ఇబ్బంది కాదు. మన ప్రాంతపు రైతుకు ఇది అవసరం లేదనే నా నిర్ణయం. పెద్ద ఎగుమతిదారు నిపుణుల పర్యవేక్షణలో, మామిడికి అనుమతి ఉందో లేదో సరిచూసుకొని చేసుకునే పని ఇది. ఆక్సిజన్‌ను 3 నుంచి 5 శాతానికి తగ్గించి, కార్బన్ డయాక్సైడ్‌ను 5 నుంచి 10 శాతానికి పెంచే నియంత్రిత వాతావరణ గదులకూ ఇదే మాట వర్తిస్తుంది.

ఎగుమతికి ఎంపిక మన చేతిలో ఉండదు, దిగుమతి చేసుకునే దేశం చెప్పినదే చేయాలి. పండు ఈగ లేదని నమ్మించడమే ఆ శుద్ధుల ఉద్దేశం. అమెరికాకు 2007 నుంచి మన మామిడి కనీసం 400 గ్రే (గ్రే వికిరణ మోతాదు కొలమానం) వికిరణ శుద్ధి పొంది వెళ్తోంది. నాసిక్ జిల్లా లాసల్‌గావ్ కేంద్రం ఇందుకు పేరు పొందింది. జపాన్ ఆవిరి వేడి శుద్ధి కోరుతుంది. ఐరోపా సమాఖ్య 2014లో మన మామిడిని నిషేధించి 2015లో ఎత్తివేసింది, ఆ దేశాలకు 48 డిగ్రీల నీటిలో 60 నిమిషాల శుద్ధి చేస్తారు. తెగులు కోసం చేసే 5 నుంచి 10 నిమిషాల ముంపు, ఈగ కోసం చేసే గంట ముంపు ఒకటి కావు. ఒకటి చేసి రెండోది చేశామని చెప్పుకోవడం కుదరదు.

ఇప్పుడు ఎవరికి ఏది అన్న మాటకు వస్తే, వారం లోపు వరంగల్, హైదరాబాద్‌లలోనే అమ్ముడుపోయే కాయకు సొన తీయడం, క్లోరిన్ నీటి కడుగు, నీడ చాలు. శీతల గది కూడా అవసరం లేదు. ఢిల్లీ, నాగ్‌పూర్ వైపు మామూలు లారీలో రెండు మూడు రోజులు ప్రయాణించే సరుకుకు వేడినీటి శుద్ధి తప్పనిసరిగా చేయించాలి, పలచని మైనపు పూత వేయిస్తే మంచిది. లారీలోని వేడి తెగులుకు పుట్టిల్లు. రెండు మూడు వారాలు ఆపి అమ్మాలనుకునేవారు వేడినీటి శుద్ధి, వెంటనే చల్లార్చడం, 13 డిగ్రీల గది, తగిన తేమ అన్నీ కలిపి పాటించగలిగితేనే దిగాలి. వీటిలో ఒకటి లేకపోయినా నిల్వను వారానికి కుదించుకోవాలి. శుద్ధి ఏదైనా సరే, మూడు వారాలు దాటి పచ్చికాయ పచ్చిగానే ఉంటుందని ఎవరైనా హామీ ఇస్తే, ఆ హామీ మీద సరుకు పెట్టవద్దు.

నిల్వ తర్వాతి రెండు రోజులు కూడా ఈ ఎంపికలో భాగమే. 13 డిగ్రీల కాయను మే నెల మధ్యాహ్నం 43 డిగ్రీల ఎండలోకి తెస్తే, నిమిషాల్లో దాని మీద నీటి చుక్కలు పట్టి ధారగా కారతాయి. ఆ తడిలో శిలీంధ్రం మొలకెత్తుతుంది, అట్టపెట్టెలు మెత్తబడి కూలుతాయి. కాబట్టి తెల్లవారుజామున, ముందు కొంత వెచ్చని నడవలో కొన్ని గంటలు ఉంచి, గాలి ఆడే క్రేట్లలో బయటికి తేవాలి. మాగబెట్టడానికి 20 డిగ్రీల చుట్టూ వేడి, 90 శాతం తేమ, 100 పీపీఎం వరకు ఎథిలీన్ వాయువు ఉన్న గదిని వాడాలి, లోపల పేరుకునే కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి వదులుతూ ఉండాలి. మాగబెట్టడానికి కాల్షియం కార్బైడ్ వాడటం నిషిద్ధం. అందులో ఆర్సెనిక్, భాస్వరపు అంశాలు ఉంటాయి. అది తొక్కకు రంగు తెస్తుంది కానీ ముదరని కాయకు తీపి తేలేదు. మనం కష్టపడి నిలిపిన కాయను చివర్లో కార్బైడ్ పాలు చేయడం చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

మామిడి కోసం సిద్ధం చేసిన గదిని మిగతా కాలంలో వేరే పండ్లకు వాడుకోవచ్చు, అయితే దేని లెక్క దానిది. జామ 8 నుంచి 10 డిగ్రీల వద్ద, అరటి 13 నుంచి 14 వద్ద నిలుస్తాయి. బత్తాయి 5 నుంచి 8 డిగ్రీలను తట్టుకుంటుంది, మైనపు పూత వల్ల అన్నిటికంటే ఎక్కువ లాభపడేదీ అదే. అడవి అంచు ఊళ్ల నుంచి వచ్చే సీతాఫలానికి చల్లదనం అంతగా గిట్టదు. తొక్క నల్లబడుతుంది కనుక 12 డిగ్రీలకు తగ్గకుండా, కొద్ది రోజులే ఉంచాలి.

ఏ పద్ధతి ఎంచుకున్నా మొదటి ఏడాది మొత్తం సరుకుకు ఒకేసారి చేయవద్దు. ఒకే చెట్టు నుంచి, ఒకే పూట తెంపిన కాయలతో రెండు క్రేట్లు కట్టి, ఒకదానికి శుద్ధి చేసి, రెండోది మామూలుగా వదిలి, రెండింటికీ గుర్తు కట్టి, తూకం రాసి గదిలో పక్కపక్కన పెట్టండి. మామునూరు కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తలను గానీ, స్థానిక ఉద్యాన అధికారిని గానీ పిలిచి చూపించవచ్చు. తీసిన రోజు రెండు క్రేట్లూ ఒకేలా కనిపిస్తే తీర్పు చెప్పేయకండి. గది బయట నాలుగు రోజులు మాగనిచ్చి, తొక్క మీది చుక్కలు, తొడిమ దగ్గరి నలుపు లెక్కించి, మళ్లీ తూచి, కోసి రుచి చూశాకే ఏ క్రేటు మేలైనదో రాసుకోండి.